వెంపలి: వానను నమ్మని గింజ

కలికాలం బాగా ముదిరితే మనుషులు పొట్టివాళ్ళై, వెంపలి చెట్టెక్కడానికి నిచ్చెన వేసుకుంటారని పెద్దవాళ్ళు చెబుతుంటారు. ఆ మాటలోని ఎత్తిపొడుపు అందాలంటే వెంపలి ఎంతుంటుందో చూసి ఉండాలి. మంచి నేలలో నడుందాకా లేస్తుంది. గరుసు నేలలో మోకాలు దాటదు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో దాన్ని వెతుక్కుంటూ పోనక్కర్లేదు. చంద్రగిరి చుట్టుపక్కల బీళ్ళలో ఉంటుంది. రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి పోయే దారి అంచున, స్వర్ణముఖి ఇసుక గట్ల మీద, పీలేరు వైపు సెనక్కాయ చేల గెనిమల మీద ఉంటుంది. చిన్నప్పటి నుంచి దాన్ని తొక్కుకుంటూ బడికి పోయినవాళ్ళను పేరడిగినా ‘ఏదో పిచ్చిమొక్క’ అంటారు. పుత్తూరు, నగరి వైపు తమిళం మాట్లాడే రైతులకు మాత్రం ఇది కొళింజి. వాళ్ళలో పాతతరం దీన్ని పచ్చిరొట్ట ఎరువు కోసం కావాలని కొని తెచ్చి కయ్యల్లో చల్లింది.

శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు టెఫ్రోసియా పర్పురియా. కంది, పెసర, ఉలవ, సెనక్కాయ, చింత, కానుగ, శేషాచలం కొండల ఎర్రచందనం, అన్నీ ఉన్న చిక్కుడు కుటుంబమే దీనిదీ. ఆకు చింతాకులా ఈనెకు అటూ ఇటూ చిన్న చిన్న ఆకులతో ఉంటుంది గానీ చింతాకు కంటే పెద్దది, కాస్త బూడిదరంగు. పూలు ఊదా కలిసిన గులాబి. కాయ రెండంగుళాలకు మించదు, సన్నం, చప్పిడి, కొన దగ్గర పైకి కాస్త వంపు.

అడవిలో దీన్ని గుర్తుపట్టడానికి మూలికలవాళ్ళకు ఒక పరీక్ష ఉంది. ఒక చిన్నాకు కొనను రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగాలి. మామూలు ఆకులు అడ్డదిడ్డంగా చినుగుతాయి. వెంపలి ఆకు అలా చినగదు. చేతిలోకి వచ్చిన ముక్క అడుగున బాణం మొనలా కోసుగా తేలుతుంది. కొమ్మకు మిగిలిన ముక్కలో సరిగ్గా అదే కొలతకు గాడి పడుతుంది. ఇందులో మాయేమీ లేదు. నడి ఈనె నుంచి పక్క ఈనెలు ఒకదానికొకటి సమాంతరంగా, ఏటవాలుగా, దగ్గరదగ్గరగా అంచుదాకా పరుగెడతాయి. ఈనెకూ ఈనెకూ మధ్య కండ పలచన. లాగిన బలం ఆ పలచని దారినే పట్టుకుపోతుంది. ఆయుర్వేదంలో శరపుంఖ అని పిలిచే మొక్క ఇదే. కాలేయానికీ ప్లీహానికీ దాన్ని వాడే సంప్రదాయం పాతది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రజ్ఞులు వెంపలి జాతుల వేళ్ళ నుంచి కొత్త పదార్థాలు వేరుచేసి ప్రచురించారు కూడా. ఈ అధ్యాయానికి మందు సంగతి అక్కర్లేదు. ఇక్కడ చూడాల్సింది రెండు: వేరూ, గింజా.

వేరు చూడాలంటే వాన పడ్డ మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత పట్టిన మొక్కను చుట్టూ మట్టితో సహా పారతో పెళ్ళగించాలి. చేత్తో పీకితే తల్లివేరు తెగుతుంది, బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. మట్టిని నీళ్ళలో నెమ్మదిగా కడిగితే పక్కవేళ్ళ మీద ఆవగింజంత, కొన్ని మిరియాలంత బుడిపెలు కనిపిస్తాయి. గోటితో ఒకదాన్ని నొక్కి చీల్చండి. లోపల లేత ఎరుపు ఉంటే అది పనిచేస్తున్నట్టు. మన నెత్తురులో ఆక్సిజన్ మోసే పదార్థానికి దగ్గరి చుట్టం అక్కడ ఉండటం వల్ల ఆ రంగు. లోపల ఆకుపచ్చగానో బూడిదరంగుగానో ఉంటే ఆ బుడిపె పని అయిపోయింది. బుడిపెలో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి, మొక్క వాటికి చక్కెర పెడుతుంది.

ఈ సంగతి లోకానికి తెలిసి నూట నలభై ఏళ్ళే అయింది. అది తేలడానికి ముందు, జర్మనీ ఉత్తరాన లూపిట్జ్ అనే ఊళ్ళో ఆల్బర్ట్ షుల్ట్జ్ అనే భూస్వామి ఉండేవాడు. ఆయన కొన్న నేల ఉత్త ఇసుక. ఆ ఇసుకలో ఆయన లూపిన్ అనే చిక్కుడు జాతి మొక్కను ఏళ్ళ తరబడి పండించాడు. దాని తరవాత వేసిన ధాన్యం నత్రజని ఎరువు లేకుండానే పండుతోందని లెక్కలతో సహా 1881లో ప్రచురించాడు. గాలి నుంచి నత్రజని వస్తోందంటే పండితులు నమ్మలేదు. 1886లో హెల్రీగెల్ అనే శాస్త్రజ్ఞుడు బఠానీ వంటి మొక్కలను శుద్ధిచేసిన ఇసుకలో పెంచి, బుడిపెలున్న మొక్కే గాలి నత్రజనిని అందుకుంటుందని బెర్లిన్‌లో చెప్పాడు. 1888లో బైయరింక్ అనే మరో శాస్త్రజ్ఞుడు ఆ సూక్ష్మజీవిని వేరుచేసి పెంచాడు. అంటే రైతు ముందు చూశాడు, ప్రయోగశాల వెనకాల వచ్చింది. కొళింజి చల్లిన నగరి రైతుదీ, లూపిట్జ్ భూస్వామిదీ ఒకటే బాధ: తేలిక నేల, ఎరువుకు కరువు.

లూపిన్ అంటే మనకు మందుల కంపెనీ గుర్తొస్తుంది. ఆ కంపెనీ పేరు కూడా ఈ మొక్క నుంచి తీసుకున్నదే. అమెరికా తూర్పు భాగంలో, ఇసుక నేలల్లో, ఎండ పడే పలచని అడవుల్లో నీలిపూల కంకులతో పెరిగే అడవి లూపిన్ ఒకటుంది. కార్నర్ బ్లూ అనే చిన్న నీలి సీతాకోకచిలుక పిల్లపురుగులకు దాని ఆకు తప్ప మరో తిండి లేదు. ఆ సీతాకోకచిలుకకు 1944లో శాస్త్రీయనామం పెట్టిన మనిషి నవలాకారుడు నబొకోవ్ అంటే చాలామంది నమ్మరు. అడవి లూపిన్ తగ్గేకొద్దీ అదీ తగ్గింది. 1992లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. అప్పటి నుంచి అక్కడ అడవి లూపిన్‌ను పనిగట్టుకుని పెంచుతున్నారు. పెంచబోయిన ప్రతివాళ్ళకూ ఎదురైన మొదటి ఇబ్బంది గింజ మొలవకపోవడం. వెంపలిని పెంచబోతే మనకు ఎదురయ్యేదీ అదే.

గింజను చేతిలోకి తీసుకుని చూడండి. మూడు నాలుగు మిల్లీమీటర్లు, మూత్రపిండం ఆకారం, బూడిద గోధుమ రంగు మీద ముదురు మచ్చలు. వంద గింజలు గిన్నెలో నానేసి పొద్దున చూస్తే కొన్ని ఉబ్బి ఉంటాయి, ఎక్కువ గింజలు వేసినవి వేసినట్టే ఉంటాయి. మరో రాత్రి ఉంచినా అంతే. ఉలవలు నానబెట్టే ఇళ్ళలో ఇది కొత్త కాదు. గుగ్గిళ్ళలో పంటికింద రాయిలా తగిలే గింజ ఉడకనిది కాదు, అసలు నానని గింజ. సాగులోకి వచ్చి వేల ఏళ్ళయినా ఉలవ తన అడవి అలవాటును పూర్తిగా మానుకోలేదు. వెంపలికి మానుకోవలసిన అవసరమే రాలేదు.

నీళ్ళు ఎందుకు లోపలికి పోవు? గింజ పొట్టులో నిలువుగా, ఇరుకుగా, గోడ కట్టినట్టు నిలబడ్డ కణాల వరుస ఒకటుంది. దాని మీద మైనపు పూత. గింజ కాయకు అంటుకుని ఉన్నచోట మిగిలే మచ్చ, మన అలసందకు కన్నులా కనిపించే భాగం, ఈ గోడలో ఒకే ఒక్క తలుపు. ఆ తలుపు ఎలా పనిచేస్తుందో 1954లో హైడ్ అనే పరిశోధకుడు క్లోవర్ గింజల మీద, పొద లూపిన్ గింజల మీద చూపించాడు. బయట గాలి పొడిగా ఉంటే ఆ మచ్చ మధ్యనున్న సన్నని చీలిక తెరుచుకుంటుంది. లోపలి తేమ బయటికి పోతుంది. బయట తేమ పెరిగితే చీలిక మూసుకుంటుంది. తేమ బయటికి పోవచ్చు, లోపలికి రాకూడదు. కాయలో పండుతూ ఎండుతున్న రోజుల్లో ప్రతి పొడి మధ్యాహ్నం గింజ కాస్త కాస్త ఆరిపోతుంది. ప్రతి తడి రాత్రి తలుపు బిగించుకుంటుంది. చివరికి తన చుట్టూ వచ్చిన గాలుల్లోకెల్లా పొడిగాలి ఎంత పొడిగా ఉందో లోపల అంత పొడిగా మిగులుతుంది. నాకు తెలిసి మొక్కల లోకంలో ఇంత చిన్న యంత్రం ఇంత పొందిగ్గా పనిచేసే చోటు ఇంకోటి లేదు.

మరి ఎప్పుడు తెరుచుకోవాలి? దానికి వేసవి కావాలి. ఏప్రిల్, మే నెలల్లో చిత్తూరు వైపు గడ్డి లేని ఎర్రనేల పైపొర మిట్టమధ్యాహ్నం 60 డిగ్రీల దాకా కాలుతుంది, తెల్లవారేసరికి సగానికి దిగుతుంది. రోజూ ఆ సాగుడూ ముడుచుకోవడమూ పడేసరికి గోడలో బలహీనమైన చోట బీటలు పడతాయి. ఆస్ట్రేలియాలో క్విన్‌లివన్ అనే పరిశోధకుడు 1961లో ఇదే తేల్చాడు. పగలు 60, రాత్రి 15 డిగ్రీల మధ్య ఊగిసలాడే వేడికి కొన్ని చిక్కుడు జాతుల గట్టి గింజలు మెత్తబడ్డాయి. ఒకే వేడిలో ఉంచినప్పుడు అంతగా మెత్తబడలేదు. నీడలో, చెత్త కింద, లోతున పడ్డ గింజకు ఆ ఊగిసలాట అందదు. అందుకని ఒకే మొక్క గింజల్లో ఒకటి ఈ ఏడు, ఒకటి పై ఏడు, ఇంకోటి ఆ పై ఏడు మొలుస్తాయి.

దీన్ని గింజ మొండితనం అనుకుంటాం. లెక్క వేస్తే తెలివి అనిపిస్తుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన. చూడ్డానికి తక్కువేం కాదు. అది నైరుతి, ఈశాన్య రుతుపవనాల మధ్య ఇంచుమించు సమంగా పంచుకుపోతుంది, మధ్యలో ఎన్నాళ్ళు ఎండగడుతుందో చెప్పలేం. 2018 ఖరీఫ్‌లో కరువు మండలాల జాబితాకెక్కిన ఈ జిల్లాలోనే, 2021 నవంబరులో తిరుపతి వీధులు నదులయ్యాయి, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. ఇలాంటి చోట ఏడాదిమొక్క తన గింజలన్నీ ఒక్కసారే మొలిపిస్తే ఏమవుతుంది? మంచి ఏడు ఒక గింజకు పది గింజలు వస్తాయనుకోండి, చెడ్డ ఏడు మొలిచినదంతా మాడిపోతుందనుకోండి. అన్నీ మొలిచే రకం మొదటి కరువుకే వంశం లేకుండా పోతుంది. సగం గింజలే మొలిచే రకం మంచి ఏడు ఐదున్నర రెట్లవుతుంది, చెడ్డ ఏడు సగానికి తగ్గుతుంది. ఒక మంచి ఏడూ ఒక చెడ్డ ఏడూ కలిపి చూస్తే రెండేళ్ళలో రెండుమ్ముప్పావు రెట్లు. పదోవంతే మొలిచే మరీ జాగ్రత్త రకం ఆ రెండేళ్ళలో ఒకటిన్నర రెట్ల పైచిలుకు దగ్గర ఆగిపోతుంది. డాన్ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు 1966లో ఈ లెక్కనే గణితంగా కట్టాడు. మంచీ చెడూ చెరిసగమైన మన ఉదాహరణకు ఆ పద్ధతిలో వచ్చే సరైన పాలు నూటికి 44. ఏ విత్తనాల శాఖా చెప్పకుండానే వెంపలి ఆ దారి పట్టింది. అది పూర్తిగా ఏడాదిమొక్క కాదు, నేలలో తేమ దొరికితే తల్లివేరు మీద మళ్ళీ చిగురిస్తుంది. కాబట్టి దాని అసలు లెక్క ఇంకాస్త చిక్కుగా ఉంటుంది.

పక్క చేలోనే సెనక్కాయ ఉంటుంది. టీఎంవీ-2, కదిరి-6 వంటి గుత్తి రకాల గింజకు నిద్ర లేదు. జూన్, జులైలో పదును దొరికిన రోజు రైతు విత్తిన గింజంతా వారంలో మొలుస్తుంది. ఆ తరవాత నెలరోజులు వాన మొహం చాటేస్తే అంతా ఒక్కసారే పోతుంది. కోతకొచ్చాక వాన పట్టుకుంటే కాయలు నేలలోనే మొలకెత్తుతాయి. మనిషికి కావలసింది అందరూ ఒకేసారి లేచే పంట. దాన్నే ఎంచుకుంటూ వచ్చాడు. కాయ పగలని మొక్క, గింజ వెంటనే నానే మొక్క, చేదు లేని మొక్క. లూపిన్ విషయంలో ఈ పని మన కళ్ళముందే జరిగింది. 1920ల చివర జర్మనీలో ఫాన్ ఝెంగ్‌బుష్ అనే పరిశోధకుడు వేలకు వేల మొక్కలను ఒక్కొక్కటిగా పరీక్షించి, చేదు లేనివి గుప్పెడు పట్టుకున్నాడు. ఇవాళ ఆస్ట్రేలియాలో పశువుల మేతకు పండే లూపిన్లకు ఆ దారే మొదలు. పంటగా మారడానికి లూపిన్ వదులుకున్నవన్నీ వెంపలి ఇంకా దాచుకునే ఉంది.

గింజ ఎన్నాళ్ళు బతుకుతుందనే ప్రశ్నకు లూపిన్ చరిత్రలో ఒక ముచ్చట ఉంది. కెనడా ఉత్తరాన యూకాన్‌లో, మంచుగడ్డ కట్టిన నేలలో, ఎలుకల్లాంటి లెమ్మింగ్‌ల పాత బొరియల్లో 1954లో లూపిన్ గింజలు దొరికాయి. పదివేల ఏళ్ళ కిందటివని లెక్కకట్టారు. మొలకెత్తించి పూలు పూయించి, 1967లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. నలభై ఏళ్ళపాటు పాఠ్యపుస్తకాలు ఆ మాట చెప్పాయి. 2009లో ఆ గింజల వయసును కార్బన్ పద్ధతిలో నేరుగా కొలిస్తే అవి ఇరవయ్యో శతాబ్దపువేనని తేలింది. ఏ కొత్త ఎలుకో పాత బొరియలో దాచుకున్నవి. వెంపలి విషయంలో మనం వేల ఏళ్ళ మాట ఎత్తనక్కర్లేదు. ఒకసారి గట్టిగా పండిన కయ్యలో తరవాతి వేసవులకు అది తనంతట తానే లేస్తుంది, అది చాలు.

ఇక పెంచే సంగతి. ఈశాన్య వానలు తగ్గాక, చలి నెలల్లో కాయ పండి గోధుమరంగుకు తిరుగుతుంది. కాయ బాగా ఎండితే రెండు పెచ్చులూ మెలితిరిగి గింజను విసిరేస్తాయి. మధ్యాహ్నం పోతే ఖాళీ పెచ్చులే దొరుకుతాయి. తెల్లవారుజామున మంచుతేమ ఉన్నప్పుడు కొమ్మలు కోసి, గుడ్డ మీద పరిచి, పైన మరో గుడ్డ కప్పి ఎండబెట్టాలి. కప్పకపోతే గింజ నట్టింట్లోనే నాలుగు దిక్కులకూ పోతుంది. కర్రతో నాలుగు దెబ్బలు కొట్టి చెరిగితే సరి.

నిద్ర లేపడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి గీరడం: గింజకు సమంగా గరుకు ఇసుక కలిపి రోట్లో పోటు వేయకుండా రోకలితో తిప్పి రుద్దాలి, లేదా గోనెసంచిలో వేసి బండ మీద దొర్లించాలి. గింజ మెరుపు పోయి మాసినట్టు కనిపిస్తే ఆపేయాలి. పప్పు బయటపడితే ఎక్కువైనట్టే. రెండోది వేడినీళ్ళు: 55 డిగ్రీల నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్ళలోకి మార్చాలి. థర్మామీటరు లేనివాళ్ళు ఒక చెంబు మరిగే నీళ్ళకు రెండు చెంబుల మామూలు నీళ్ళు కలిపితే ఇంచుమించు ఆ వేడి వస్తుంది. మరిగే నీళ్ళు నేరుగా పోస్తే గింజ ఉడుకుతుంది. ఏది చేసినా అంతా ఒక్కసారి చేయకుండా పిడికెడు గింజ మీద చూసుకుని, రాత్రికి ఎన్ని ఉబ్బాయో లెక్కపెట్టుకోవడం మేలు. మొత్తం గింజనూ గీరవద్దని నా సలహా. నాలుగోవంతు అలాగే ఉంచి కలిపి చల్లితే, మొదటి మొలక ఎండకు పోయినా వెనకాల లేచేవి ఉంటాయి.

ఎకరాకు 6 నుంచి 8 కిలోలు పడుతుంది. చెరువు కింద ఒక్క వరి పండించి, సంక్రాంతి తరవాత కయ్యను బీడు పెట్టే రైతుకు ఇది సరిగ్గా అమరుతుంది. కోతకు వారం ముందు, నేలలో ఇంకా పదును ఉండగానే, వరిలోనే చల్లేయాలి. కోసేవాళ్ళ కాళ్ళే గింజను నేలకు నొక్కుతాయి. మొదట్లో మరీ నిదానంగా పెరుగుతుంది. నెల తిరిగినా జానెడు లేదని బెంగపడి దున్నేసిన వాళ్ళున్నారు. ఆ నెలంతా అది కిందికి పెరుగుతోంది. తల్లివేరు లోతుకు దిగాక మార్చి, ఏప్రిల్ ఎండల్లో చుట్టూ అంతా మాడిపోయినా ఇది పచ్చగా ఉంటుంది. ముంగారు వానలకు, నాట్లకు రెండు మూడు వారాల ముందు, పూతమీద ఉన్నప్పుడు దమ్ములో కలిపేయాలి. కాయ ముదిరేదాకా ఆగితే కాండం కట్టెబారి త్వరగా కుళ్ళదు.

నత్రజని సూక్ష్మజీవిని కొని కలపాలా అని అడుగుతారు. అలసంద, సెనక్కాయ వేళ్ళలో కాపురముండే గుంపు సూక్ష్మజీవులే వెంపలికీ పనికొస్తాయి. రాయలసీమ నేలల్లో వాటికి కొదవ లేదు. లూపిన్ అలా కాదు. దాని జోడీ వేరే, ఆ జోడీ లేని నేలలో వేస్తే ఆకు పసుపుపచ్చగా ఉండిపోతుంది.

ఎంత ఇస్తుంది? బాగా వస్తే ఎకరాకు మూడు నాలుగు టన్నుల పచ్చిరొట్ట. అందులో ముప్పాతిక నీళ్ళు. మిగిలిన ఎండు బరువులో సుమారు 3 శాతం నత్రజని. లెక్కకు ఇరవై కిలోల పైన, అంటే 45 కిలోల యూరియా బస్తాలో ఉన్నంత, ఒక్కోసారి ఇంకాస్త. అందులో కొంత నేల నుంచి తీసుకున్నదే కాబట్టి మొత్తం గాలి నుంచి వచ్చిందని చెప్పుకోకూడదు. యూరియా ఇవ్వనిది మాత్రం ఒకటిస్తుంది. గరుసు నేలకు కుళ్ళిన ఆకు తగిలితే పదును రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది.

పచ్చిరొట్టకు జీలుగ, జనుము ఉండగా వెంపలి ఎందుకన్న ప్రశ్న సమంజసమే. అవి నలభై యాభై రోజుల్లో నడుందాకా లేస్తాయి, ప్రభుత్వ రాయితీ గింజల్లో దొరుకుతాయి. జీలుగ నీళ్ళు నిలిచిన చోట కూడా బతుకుతుంది. వెంపలి బతకదు, ఒట్టి తేలిక నేలల మొక్క. నీటి వసతి ఉన్న రైతు జీలుగే వేసుకోవాలి. వెంపలి పనికొచ్చేది మూడు నెలల ఎండలో తడి ఇవ్వలేని కయ్యకు, కంచె లేని కయ్యకు. వేసవిలో ఊరి పశువులు తోలేస్తారు కదా, జనుమయితే మొదటి రోజే నాకేస్తాయి. వెంపలిని ఆవూ ఎద్దూ వాసన చూసి వదిలేస్తాయి. మేక సంగతి నేను పూచీపడను.

పశువులు ముట్టకపోవడానికి కారణం ఆకులో, వేళ్ళలో, గింజల్లో ఉండే రొటీనాయిడ్లనే పదార్థాలు. దీని ఆఫ్రికా చుట్టాలను దంచి మడుగులో కలిపితే చేపలు తేలతాయి, మన వెంపలిలో ఆ బలం తక్కువ. కణంలో శక్తి పుట్టించే మైటోకాండ్రియాలో మొదటి మెట్టు దగ్గరే ఈ గుంపులోని రొటీనోన్ అడ్డుపడుతుంది. చేపకు మొప్పల గుండా నేరుగా నెత్తురులోకి పోతుంది కనక త్వరగా తగులుతుంది. ఈమధ్య ఆకు కషాయాలు కాచి పురుగుమందుగా కొట్టడం పెరిగింది. వెంపలి కషాయం మొక్కల నుంచి వచ్చింది కాబట్టి హాని లేదనుకోవడం సరికాదు. శుద్ధమైన రొటీనోన్ ఎక్కించిన ఎలుకల్లో పార్కిన్సన్ జబ్బు లక్షణాలు వచ్చాయని 2000లో పరిశోధకులు చూపించారు. కషాయంలో ఉండేది అంత మోతాదు కాదు, అయినా చేపలున్న చెరువు గట్టున ఆ పాత్ర కడగకూడదు.

తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి పోయి టెక్సస్‌లో స్థిరపడ్డవాళ్ళకు ఈ మొక్క కుటుంబం కొత్తగా పరిచయమై ఉంటుంది. మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు పిల్లలకు పట్టులంగాలు కట్టి బ్లూబానెట్ పూల మధ్య కూచోబెట్టి ఫొటోలు తీస్తారు. అదీ లూపినే. ఆ రాష్ట్ర పుష్పంగా 1901లో ఒక రకాన్ని ప్రకటించారు, 1971లో అన్ని రకాలనూ కలిపేశారు. పెరట్లో వేసుకోవాలని గింజ కొంటే, గీరిన గింజ, గీరని గింజ అని రెండు రకాలు అమ్ముతారు. ఆమ్లంలో ముంచి పొట్టు పలచన చేసింది మొదటిది. చలికాలానికి ముందు చల్లేవాళ్ళు ఇక్కడిలాగే రెండూ కలిపి చల్లితే, ఒక ఏడు చలికి మొలక పోయినా రెండో ఏటికి కొన్ని మిగులుతాయి. అక్కడి నేలలో దాని జోడీ సూక్ష్మజీవి చాలావరకు ముందే ఉంటుంది. ఆ గింజలు సూట్‌కేసులో తెచ్చి మదనపల్లెలో చల్లాలనుకునేవాళ్ళకు మాత్రం రెండు అడ్డంకులు: మొక్కల దిగుమతి నిబంధనలు ఒకటి, మన ఎండ ఇంకొకటి.

వెంపలి వేసుకున్నవాళ్ళకు మిగిలే తకరారు ఒకటుంది. ఒకసారి గింజ రాలనిచ్చిన చేలో సెనక్కాయ వేస్తే, కలుపు తీసే ప్రతిసారీ అది కనిపిస్తుంది. మూడో ఏడు కూడా కనిపిస్తుంది. మెట్టచేలో వేయదలిస్తే పూతమీదే కోసి పరచాలి, కాయ పట్టనివ్వకూడదు. చెరువు కింది కయ్యలో ఆ భయం లేదు. నీళ్ళు నిలిపిన వరిలో వెంపలి మొలిచినా బతకదు, కోతలయ్యాక మళ్ళీ దాని వంతు. విత్తనానికని కయ్యలో మొక్కలు ఉంచుకోనక్కర్లేదు. గెనిమ మీద పది మొక్కలు వదిలి, వాటి మీద కలుపుమందు కొట్టకుండా చూసుకుంటే పై ఏటికి సరిపడా గింజ అక్కడే దొరుకుతుంది.